వంతెన ఎక్కిన సైకిలు

జూన్ 2007, ఆదివారం

ఎక్కేసింది! నేను మోటారు బిగించిన మావయ్యగారి సైకిలు కొబ్బరికాయల బస్తాతో సహా కాలువ వంతెన ఎక్కేసింది!

మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్లు రెండు మాడిపోయాక గానీ నా తప్పు తెలియలేదు. చక్రాన్ని గాలిలోకి ఎత్తి, బరువేమీ లేకుండా కరెంటు కొలిచాను. బరువుతో కదిలేటప్పుడు మోటారు ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఈసారి బస్తా కట్టి కొలిచి, దాన్ని తట్టుకునే కంట్రోలర్ పెట్టాను.

వంతెన మొదట్లో మావయ్యగారు అలవాటుగా తోయడానికి దిగిపోయారు. చెయ్యి యాక్సిలరేటర్ మీదే ఉండిపోయింది. సైకిలు ఆయన్ని పైదాకా పరుగెత్తించింది.

"ఇది ఆగదేంటే అమ్మాయ్!"

పైన రొప్పుతూనే నవ్వారు. "రేపు రెండు బస్తాలు వేసుకెళ్ళొచ్చా?"

"ఆయ్, వెళ్ళండి మావయ్యగారూ," అనేశాను గర్వంగా.

ఇప్పుడు గుర్తొస్తోంది, వంతెనకి అటువైపు దిగుడు ఉందని. ఆ పాత బ్రేకులు… పొద్దున్న ఆయనకంటే ముందు లేవాలి.