పొగగొట్టం ఉన్న తుపాకీ

డుబోయ్స్, వయోమింగ్
సెప్టెంబర్ 3

బామ్మర్ది హాలిస్‌కి,

నేనూ, మీ అక్క వెర్నా క్షేమం. నా మోకాలు మాత్రం కాదు. అందుకే ఈసారి వేట గుడారంలో పొయ్యి పక్క మంచం నాకు కావాలి. ఊరికే ఇవ్వవు గనక పందెం. ఎవరూళ్ళో వాళ్ళం తుపాకీ తుడవకుండా వంద తూటాలు కాలుద్దాం. పెళ్ళాలు సాక్షి. ఎవరి తుపాకీలో తూటా ఎక్కువసార్లు ఇరుక్కుంటే వాడు గుమ్మం పక్కన వణకాలి.

ఓడేది నువ్వేలే. నీ తుపాకీ పేలిన పొగని తిన్నగా తన కడుపులోకే ఊదుకుంటుంది. నాదాంట్లో పొగ ఒక కడ్డీని తోసి ముందు నుంచే బయటికి పోతుంది, లోపలి పని కడ్డీ చూసుకుంటుంది. నీది పడగ్గదిలోకి పొగ కొట్టే ఇల్లు. నాది పొగగొట్టం ఉన్న ఇల్లు.

నీ బావ ఆర్విల్

తా.క. నీ పుట్టినరోజుకి తూటాలు నింపి తుపాకీ కింద తగిలించే నా పాత ఇనప డబ్బా పంపుతున్నా. రెండు తుపాకులకీ పడుతుంది. ఇక నన్ను పిసినారి అనకు.

సామన్, ఐడహో
సెప్టెంబర్ 14

బావకి,

మర్యాద కొద్దీ నువ్విచ్చిన డబ్బాతోనే కాల్చాను. తొమ్మిదిసార్లు ఇరుక్కుంది. మధ్యలో కారేదాకా నూనె పోశాను, లాభం లేదు. మా ఐవా నవ్వుతూ సాక్షి సంతకం పెట్టింది. పొగే నా కొంప ముంచింది. మంచం నీదే.

హాలిస్

తా.క. ఓడినవాడికి బహుమానం ఎందుకు? డబ్బా తిప్పి పంపుతున్నా. దాని మూతి అదోలా ఉందంటోంది ఐవా. నీ మూతి గురించీ అలాగే అంటుంది, పట్టించుకోకు.

డుబోయ్స్
సెప్టెంబర్ 25

ఓరి దుర్మార్గుడా,

నువ్వు తిప్పి పంపిన డబ్బాలో ఏం పూశావురా? నాది పదకొండుసార్లు ఇరుక్కుంది! లెక్కకి మీ అక్క వేళ్ళు చాలక నావి అడిగింది. కడ్డీ ఊడదీసి గీకాను. స్ప్రింగు ఎగిరి బీన్స్ కుండలో పడింది. నలుగురు మనవళ్ళున్న ముసలాణ్ణి గుమ్మం పక్కన పడుకోబెట్టడానికి ఇంత కుట్రా? నేను వేటకి రాను.

ఆర్విల్

తా.క. స్ప్రింగు దొరికింది. నా పళ్ళకి.

సామన్
అక్టోబర్ 2

బావా,

ఒట్టు, ఏమీ పూయలేదు. నీ తిట్లు చదివి, నా సొంత డబ్బాలు పెట్టి మూడొందలు కాల్చాను. అదే పొగ, అదే మసి. ఒక్కటీ ఇరుక్కోలేదు! నువ్వూ వేరే డబ్బా పెట్టి చూడు. ఇరవై ఏళ్ళుగా కలిసి వెళ్తున్నాం, మంచం కోసం మానేస్తావా?

హాలిస్

తా.క. ఐవా చెప్పిన మూతి కూడా చూడు. డబ్బాది.

డుబోయ్స్
అక్టోబర్ 9

బామ్మర్దీ,

వేరే డబ్బాతో నా తుపాకీ కూడా చిలకలా పలికింది. పాత డబ్బా చూశాను. మూతి దగ్గర తూటాని పట్టి ఉంచే రెండు అంచులూ విచ్చుకున్నాయి. ఏ గాడిద చేసిన పనో అని మీ అక్కని అడిగాను. కిందటేడు గుడారంలో తీసిన ఫొటో తెచ్చి చేతిలో పెట్టింది. అందులో నేనే, పళ్ళికిలిస్తూ, ఆ డబ్బా అంచుతో బీరు మూత లేపుతున్నా.

మంచం నువ్వే తీసుకో. గుమ్మం పక్కన నేను పడుకుంటా. నాకో దుప్పటీ, ఒక ఓపెనరూ తీసుకురా.

గాడిద ఆర్విల్

తా.క. డబ్బా మాత్రం పారెయ్యను. ముప్పై సీసాలు తెరిచింది, ఒక్కసారీ ఇరుక్కోలేదు.