చివరి బెంచీలో నేను

మంగళవారం, వేములవాడ

ఈ రోజు పదో తరగతి ముందు నా పరువు పోయింది. తప్పు నాదే. మీ చదువుకు మీరే బాధ్యులు, కటకాల పాఠం మీరే చదువుకొచ్చి చెప్పండి, నేను కూర్చుని వింటానని నిన్న గొప్పగా ప్రకటించాను. నిజానికి ఒక పీరియడ్ కాళ్లకు విశ్రాంతి దొరుకుతుందని ఆశ.

దర్జీ కూతురు షబానా లేచింది. హాజరు పిలిచినప్పుడు తప్ప ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదు. చాక్‌పీసు తీసుకుని, బొమ్మ గీసి, నిదానంగా చెప్పుకుంటూ పోయింది. నేను చివరి బెంచీలో కూర్చుని గ్యాస్ బుక్ చేశానా లేదా అని ఆలోచిస్తున్నాను.

"సమజైందా సార్?" అంది.

తల ఊపాను.

"తలకాయ ఊపుడు కాదు సార్. జర వచ్చి బొమ్మ గీసి చూపెట్టుండ్రి."

వెళ్లాను. కటకం దాటాక వంగాల్సిన కిరణాన్ని తిన్నగా గీసి పారేశాను. ఇరవై ఏళ్లుగా నేను చెబుతున్న పాఠం! తరగతి గొల్లుమంది. షబానా మాత్రం నవ్వలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. మొదటిసారి గట్లనే అయితది. ఇంటికాడ గీసుకొని రేపు తీస్కరాండ్రి."

రాత్రి భోజనమయ్యాక స్కేలు పెట్టి గీశాను. ఈసారి కిరణం వంగింది. "ఏం జేస్తున్నరు?" అని మా ఆవిడ అడిగితే హోంవర్కు అన్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను.

కానీ ఒకటి గుచ్చుతోంది. ఇన్నేళ్లూ తరగతంతా తలలూపితే అందరికీ అర్థమైందని డస్టరు పెట్టేసి వచ్చేవాణ్ణి. షబానా ఒక్క తలను కూడా నమ్మలేదు.