నల్లగుట్టకు చదువెవరు చెప్పారు?

చాందా,
18 డిసెంబరు 1959

మా భూదేవక్కకు, చెల్లెలు జయ చేతులు జోడించి రాయునది.

ఇక్కడ నేను క్షేమం. నువ్వూ, బావా, నీ తరగతి ఆడవాళ్లూ క్షేమమని తలుస్తాను. పంతులమ్మల శిక్షణ శిబిరంలో ఒకే చాప మీద పడుకున్నవాళ్లం కాబట్టి దాచకుండా రాస్తున్నాను. వార్త మంచిది కాదు.

మీ తాలూకా ఈ జిల్లాలో కలిసింది కదా, పాత జిల్లావాళ్లు పెట్టిన వయోజన తరగతుల వల్ల ఫలితం ఉందో లేదో తేల్చమని మా సాహెబుకు ఉత్తర్వు వచ్చింది. ఆయనకు మరాఠీయే తప్ప తెలుగు రాదు, అందుకే ఊళ్లకు నన్ను పంపుతున్నాడు. నీ తరగతి ఉన్న మీ ఊళ్లో కొందరు ఆడవాళ్లచేత, ఏ తరగతీ లేని నల్లగుట్టలో కొందరిచేత ఒకే కాగితం చదివించాలి. నల్లగుట్టవాళ్లకంటే మీవాళ్లు ఎంత ఎక్కువ చదివితే నీ తరగతికి అంత పేరు.

మీవాళ్లు బాగా చదివారు. నల్లగుట్టవాళ్లూ అంతే బాగా చదివారు! లస్మవ్వ అనే పెద్దావిడ మశూచి టీకాల కాగితాన్ని వంకాయలు తరుగుతూనే చదివి పడేసింది. తేడా లేదు కాబట్టి నీ తరగతి దండగనీ, నెలాఖరుకు మూసేయమని రాస్తాననీ సాహెబు అంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

ఏడుపుకంటే ముందు ఆశ్చర్యమొచ్చింది అక్కా. ఆ ఊళ్లో బడి లేదు, పంతులు లేడు, మగవాళ్లు చాలామంది వేలిముద్రలే. మరి వీళ్లకెవరు నేర్పారు? అడిగితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒకామె గట్లనే అచ్చిందన్నది. చదువు గట్లనే వస్తే మనకు జీతాలెందుకు? నా సంగతి తెలుసుగా, అంతు చూడందే అన్నం సయించదు. రేపు మళ్లీ వెళ్తున్నాను. నీకేమైనా తెలిస్తే రాయి.

ప్రేమతో,
నీ చెల్లెలు జయ

తా.క.: ఉత్తరం డబ్బాలో వేయకముందే నల్లగుట్ట వెళ్లొచ్చాను. దొంగవి నువ్వే! లస్మవ్వ అంతా చెప్పేసింది. ఆ ఊరి కోడళ్లలో సగంమంది మీ ఊరి ఆడపిల్లలట. కాన్పుకు తల్లిగారింటికి వచ్చి, నెలల తరబడి ఉండి, పసివాళ్లను ఒళ్లో వేసుకుని నీ దగ్గర అక్షరాలు దిద్దారట. తిరిగొచ్చి అత్తలకు నేర్పారట. మీ ఊరికిచ్చిన పలకలు పైఊరివాళ్ల చేతికిచ్చావని నీకు మాటొస్తుందేమోనని వాళ్లు నోరు మెదపలేదు. అదే భయంతో నువ్వు వాళ్ల పేర్లే ఎత్తలేదు. ఒకరినొకరు కాపాడబోయి తరగతినే ముంచేవాళ్లు కదే!

సాహెబుకు చెప్పాను. ఆ మాట చెప్పేవాళ్లను నెలాఖరులోగా తన ముందుకు తెమ్మన్నాడు. మాట పడితే పడదాం, నువ్వు రావాలి. లస్మవ్వ నడిచైనా వస్తానంది. ఆమె చిన్న కోడలు ఏడో నెలతో నిన్ననే మీ ఊరికి బయలుదేరింది. గా బడి మూసిండ్రనుకో, మా చిన్నది ఉట్టి పిల్లనే ఎత్తుకొని అస్తది గద బిడ్డా అన్నది.