సువార్తమ్మ తాకని తాళి

నంద్యాల నుంచి

అక్కకు,

తమ్ముడు సమూయేలు యేసయ్య పేరట వందనాలు చెప్పి రాస్తున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? సంజామల ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలు మానకుండా వేసుకుంటున్నావా? పెద్దనాయన కంటిచూపు కాస్త తేటపడిందా? ఇక్కడ నేనూ మేరీ, పిల్ల కృప బాగానే ఉన్నాం. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

వచ్చి రెండేళ్లవుతున్నా ఇక్కడి ఎండా దుమ్మూ అలవాటు కాలేదు. విత్తనాల గోడౌన్‌లో సంచులు కుడుతున్నాను. మందు పట్టించిన విత్తనాల వాసన అన్నం ముందు కూర్చున్నా చేతులను వదలదు. ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు. నిజంగా బాగానే ఉన్నాం.

ఫోన్‌లో అయితే నువ్వు సగంలోనే "పోనీలేరా" అంటావు. అందుకే రాస్తున్నాను.

పోయిన వారం ఆళ్లగడ్డలో పెళ్లికి వెళ్లాం. మా గోడౌన్‌లో విత్తనాలు ఏరే సువార్తమ్మ కూతురి పెళ్లి. ఆమె భర్త పోయేనాటికి ఆ పిల్లకు నాలుగేళ్లు. అప్పటినుంచీ ఒక్కతే సాకింది. పెళ్లి మగపెళ్లివారి సంఘపు గుడిలో జరిగింది.

పాస్టరు ప్రార్థన చేసి, తాళిని పళ్లెంలో పెట్టి పెద్దలందరికీ తాకించమన్నాడు. పళ్లెం ముందు వరుసలో చేతులు మారుతూ వచ్చింది. సువార్తమ్మ చెయ్యి చాపింది. పెళ్లికొడుకు పెదనాయన, ఆ సంఘానికి పెద్ద, పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వొద్దులేమ్మా. ముత్తైదువలు తాకాల. పోయి ఎనకమాల కూచో."

"నా బిడ్డ తాళి కదన్నా," అంది ఆమె.

"అందుకే చెప్తాండా. బిడ్డ సల్లగుండాలని నీకు ల్యా?"

పాస్టరు బైబిల్లోకి చూస్తూ నిలబడ్డాడు. నేను లేచాను.

"పెద్దాయనా, ఇది వాక్యంలో యాడుండాది?"

"వాక్యంలో లేకుంటే ఏందప్పా? మా తాతల నాటి నుంచీ వస్తాండాది. కూచో."

విధవరాలిని బాధపెట్టవద్దన్నది దేవుడి ఆజ్ఞ. తల్లిని సన్మానించమన్నదీ ఆయన ఆజ్ఞే. ఆ రెంటినీ ఆయన గుడిలోనే కాళ్ల కింద వేసి, తాతల వాడుకను నెత్తిన పెట్టుకున్నారు. పెళ్లికూతురు ముసుగు కింద ఏడుస్తోంది.

సువార్తమ్మే నన్ను ఆపింది. "గొడవొద్దన్నా. నా బిడ్డ ఈడ బతకాల." బయటికి వెళ్లి, చెప్పులు విడిచిన చోట నిలబడింది. తాళి కట్టేశారు.

రెండో బంతి భోజనాల దగ్గర ఆ పెద్దాయనే చేతులెత్తి, దిక్కులేని ఆడవాళ్లకు దిక్కైన దేవా అని ప్రార్థన చేశాడు. పక్కనే సువార్తమ్మ ఎంగిలి విస్తళ్లు ఎత్తుతోంది. వాటిని తాకడానికి ఆమెకు ఏ అడ్డూ లేదు. తినకుండానే లేచి వచ్చాను.

బస్సులో కూడా ఆ మనిషి మొహాన ఉమ్మేయాలన్నంత అసహ్యం. కానీ నంద్యాల చేరేలోపు ఆ అసహ్యం నా మీదికే తిరిగింది. నా పెళ్లినాడు తాళి తాకించేటప్పుడు పిల్లనిచ్చిన మామ నా చెవిలో, "మీ యక్కను పొయ్యికాడ ఉండమను," అన్నాడు. వచ్చి నీకు చెప్పింది నేనే. అమ్మ పోయాక, బావ పోయిన దుఃఖంలోనూ నన్ను పెంచిన నీకు, నా నోటితోనే చెప్పాను. "సరేలేరా, అన్నం మాడిపోతాది," అని తల తిప్పుకున్నావు. ఇన్నేళ్లూ అది నిజంగా అన్నం గురించే అనుకుని నిద్రపోయాను. ఎంత నీచమైన నిద్ర అది.

కృపకు వేసవిలో పెళ్లి కుదిరింది. తాళి పళ్లెం మొదట నీ చేతికే వస్తుందని అబ్బాయివాళ్లకు చెప్పేశాను, ఒప్పుకున్నారు. మేరీ వాళ్లన్న మాత్రం ఇంటికొచ్చి, "వాడుక తప్పితే మేం రాం," అన్నాడు. "రాకుంటే రాకండి బావా," అన్నాను. మేరీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నిన్న రొట్టెలు కాలుస్తూ, "ఒదినకు చీర నేనే తెస్తా. తెల్లది కాదు," అంది.

పెద్దనాయనకూ, చిన్నమ్మకూ, గుడిలో అందరికీ వందనాలు చెప్పు. ఉత్తరం చివర పెద్దల ఆశీర్వాదం అడగడం వాడుక. నేను వాడుక కోసం అడగడం లేదక్కా. నా పెళ్లినాడు నీ చెయ్యి నా తలమీద పడనివ్వలేదు. ముందు నన్ను క్షమించు. "పోనీలేరా" అని మాత్రం అనకు.

నువ్వు పెంచిన
సమూయేలు