మన్-జా-మో

ఆగస్టు 4, సోమవారం

మా గ్రానైట్ ఫ్యాక్టరీలో కొత్త పాలిషింగ్ మిషన్ బిగించడానికి ఇటలీ నుంచి మెకానిక్ వస్తున్నాడు. అతనితో రెండు ముక్కలు మాట్లాడగలిగినవాడికే ఆపరేటర్ పోస్టు అని ఓనర్ వేసవిలో అన్నాడు. ఇవాళ గుర్తుచేస్తే నవ్వాడు. నవ్వనీ. అప్పట్నుంచీ ఫోన్‌లో ఇటాలియన్ నేర్చుకుంటూనే ఉన్నా. ఈ చీమకుర్తిలో నేను మాట్లాడేది ఆ యాప్‌తోనే.

ఆగస్టు 9

ఒత్తు చంపుతోంది. మనం అన్ని అక్షరాలూ ఒకే బరువుతో పలుకుతాం. వాళ్ళకి ఒక్కచోటే దెబ్బ పడాలి. మాన్-జో, నేను తింటాను. మాన్-జ-నో, వాళ్ళు తింటారు. రెండింట్లోనూ దెబ్బ మొదట్లోనే. ఎన్నిసార్లన్నా యాప్ ఎర్రగీత పెడుతోంది. చీలిక ఉందేమోనని స్లాబ్‌ని సుత్తితో కొట్టి వింటామే, చివరికి అలా కొడుతూ పలికాను. కుదిరింది.

నాతోపాటు స్లాబులు మోసే అనీస్ చూశాడు. ఏరా ఇటలీ అల్లుడూ, రాయికి పాఠాలు చెబుతున్నావా అని షెడ్డంతా వినేలా అడిగాడు. అందరూ ఒకటే నవ్వు. అందుకే నా క్యారేజి నేను షెడ్డు వెనక, రాతి బ్లాకుల దగ్గర ఒక్కణ్ణే తింటాను.

ఆగస్టు 10

‘మనం తింటాం’ వదిలేశా. మన్-జా-మో. దెబ్బ మధ్యలోకి జరుగుతుందట. నాకెందుకు అది?

ఆగస్టు 18

మెకానిక్ వచ్చాడు. పేరు డారియో. నేను నోరు తెరిచేలోపే ఓనర్ ఫోన్ ముందుకు పెట్టాడు. డారియో ఇటాలియన్‌లో అంటాడు, అది ఆడగొంతుతో తెలుగులో చెబుతుంది, అండీ గారూ పెట్టి మరీ. పోస్టు సంగతేంటని ఓనర్‌ని అడిగా. ఫోనే ఉందిగా, ఇంక నువ్వెందుకురా అన్నాడు. మిషన్ మీదకి ఆయన బావమరిది వస్తాడట.

సుత్తి విసిరికొట్టా. బండకే.

ఆగస్టు 21

డారియోతో మాట్లాడలేదు. మాట్లాడను.

ఆగస్టు 22

మధ్యాహ్నం వెళ్తే బ్లాకుల వెనక డారియో ఉన్నాడు. నీడలో ఒక్కడే బ్రెడ్డు తింటున్నాడు. అతన్నీ ఎవరూ తిండికి పిలవలేదు. కోపం పోలేదు నాకు. అయినా క్యారేజి విప్పి ముందుకు జరిపి, మాన్-జ-మో అన్నాను. వదిలేసిన మాట కదా, దెబ్బ మొదట్లో పడింది. డారియో బ్లాకు మీద వేళ్ళతో మూడుసార్లు కొట్టాడు, మధ్యది గట్టిగా. నేనూ కొట్టా. మన్-జా-మో. గోంగూర కారానికి అతనికి కళ్ళనీళ్ళు కారాయి. ఇంకొంచెం కావాలని వేలు చూపించాడు. ఫోన్లు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.

షెడ్డు గుమ్మంలోంచి అనీస్ చూస్తున్నాడు. నవ్వలేదు.

ఆగస్టు 29

డారియో వెళ్ళిపోయాడు. బావమరిది మిషనెక్కాడు. నేను మళ్ళీ స్లాబులు మోస్తున్నా. మధ్యాహ్నం బ్లాకుని మూడుసార్లు కొట్టి ఒక్కణ్ణే తిన్నా. సగం పారబోశా.

సెప్టెంబర్ 1

అనీస్ క్యారేజి పట్టుకుని బ్లాకుల వెనక్కి వచ్చాడు. మాంజమో అన్నాడు. దెబ్బ తప్పు.

జరిగి చోటిచ్చాను.