నాన్న ఫొటో కింద తీగ

అన్నయ్యా,

ఫోన్లో చెబితే మధ్యలో పెట్టేస్తావు కాబట్టి రాస్తున్నాను.

మొన్న దగ్గర్లో పిడుగు పడి ఇంక్యుబేటర్ బోర్డు మాడిపోయింది, పొదగేసిన గుడ్లన్నీ పాడయ్యాయి. వదిన ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. నువ్వేమో నేను బిగించిన సర్జ్ ప్రొటెక్టర్ పనికిమాలినదని చుట్టాలందరికీ చాటి, ఇప్పుడు ఇంతకంటే పెద్దది ఎంచి పంపమంటున్నావు.

దాన్నుంచి నేలలోకి వెళ్ళే పచ్చ తీగ ఏమైందని వదినని అడిగాను. గోడమీద నాన్న ఫొటో కింద అసహ్యంగా ఉందని నువ్వే కత్తిరించావట. అన్నయ్యా, ఎక్కువై వచ్చిన కరెంటుని ఆ పెట్టె మింగేసి కూర్చోదు. ఆ తీగలోంచి భూమిలోకి తోసేస్తుంది. దారి తెంపేశాక ఎంత పెద్దది ఎంచినా గోడకి అలంకారమే. బిగించిన రోజే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. చెల్లెలి మాట అని వినలేదో, ఎలక్ట్రీషియన్ మాట అని వినలేదో నీకే తెలియాలి.

ఆదివారం వస్తున్నాను. అప్పటిదాకా కొత్త గుడ్లు పెట్టకు.

ఫొటో అక్కడే ఉంచు. తీగ మళ్ళీ దాని కిందనుంచే పోతుంది. ఎవరింటికెళ్ళినా మనుషుల్ని పలకరించేముందు ఎర్తు తీగ ఉందో లేదో చూసుకునే మనిషి ఆయన.

నీ చెల్లెలు