బిందెడు ఏటి నీళ్ళు

భవానీపూర్,
మంగళవారం

నాన్నకి,

బాగున్నావా అని అడగను. నీ సంగతులు నా చిన్నప్పటి స్నేహితురాలు యూనిస్ చెబుతూనే ఉంది. నేను కొండ దిగి ఐదు రోజులైంది. యూనిస్ గదిలోనే ఉంటున్నాను. ఇక్కడ బస్సెక్కితే అరగంటలో ఖిదిర్‌పూర్‌లో మన ఇల్లు. అయినా రాలేదు. ఫోను చేస్తే నీ గొంతు వినగానే నోరు మూసుకుంటానని తెలుసు, అందుకే రాసి యూనిస్ చేతికిస్తున్నాను. నువ్వు చెయ్యెత్తి బెదిరించి నేర్పిన అక్షరాలే, తప్పులుంటే సర్దుకో.

ఒక మనిషిని కొట్టాను నాన్నా. చిన్నగా కాదు.

డార్జిలింగ్ పైన మా పర్యావరణ సంఘం గుడిసె సంగతి నీకు తెలుసు కదా. కొండెక్కి వచ్చినవాళ్ళకి అక్కడ నేను ఉపన్యాసాలివ్వను. ముందు చేతికి ఒక బిందె ఇచ్చి కిందున్న ఏరు చూపిస్తాను. బిందె మోసుకుంటూ రెండొందల మెట్లెక్కి వచ్చాక ఎవరూ చెంబెడు నీళ్ళు పారబొయ్యరు. తాగగా మిగిలినవి కూడా మళ్ళీ ఏట్లోకే పొయ్యాలి, దిగువన ఒక ఊరు అదే నీళ్ళు తాగుతుంది అని చెబుతాను. ఆ తర్వాత తవ్వి తీసిన చిప్స్ కవర్లు చూపిస్తాను. తొమ్మిదేళ్ళు మట్టిలో ఉన్నా వాటి రంగు పోలేదు.

ఆ రోజు విశాల్ అని ఒకతను వచ్చాడు, పొద్దున అతనికీ ఇవన్నీ చెప్పాను. హైదరాబాద్ మనిషి, సాల్ట్‌లేక్‌లో ఉద్యోగం. కొండ మీద తెలుగు మాట వినబడేసరికి ప్రాణం లేచొచ్చింది. జలుబుతో అతని ముక్కు దిబ్బడేసి ఉంది, అయినా వంటింట్లో సాయం చేస్తానన్నాడు. నేను పొయ్యి ఊదుతుంటే వెనక నుంచి, "అక్కా, గీ డబ్బల నీళ్లు పారబొయ్యాల్నా?" అన్నాడు. తిరిగి చూడకుండానే "ఏటికి?" అన్నాను. డబ్బా ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ డబ్బాలో ఉన్నది మరుగుదొడ్డి కోసం కలిపి ఉంచిన బ్లీచింగ్ పౌడర్ నీళ్ళు. దాన్నంతా తీసుకెళ్ళి ఏట్లో కుమ్మరించాడు.

గంట తిరక్కుండా కింది నుంచి కేకలు. చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. ఒక దూడ నురగలు కక్కి చచ్చింది. నీళ్ళు తాగిన ఇద్దరు పసివాళ్ళు వాంతులు చేసుకుని పడిపోయారు. ఖాళీ డబ్బా పట్టుకుని అతను మెట్లెక్కి వస్తున్నాడు. పొయ్యిలోంచి కట్టె లాగాను, కొన ఇంకా మండుతూనే ఉంది. మొదటి దెబ్బకి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళు విరిగిన చప్పుడు విన్నాను. "అక్కా, మీరే..." అన్నాడు. చేసింది చేసి తప్పు నా మీదికే నెడుతున్నాడని మూతి మీద కొట్టాను. దవడ పక్కకి జరిగింది. రెండు పళ్ళు నా కాళ్ళ దగ్గర పడ్డాయి. ఊరివాళ్ళు వచ్చి తన్నుతుంటే ఆపకపోగా, వాళ్ళతో పాటు మళ్ళీ కొట్టాను. అతని జుట్టు కాలిన కంపు నా చీరకి ఇంకా ఉంది.

కార్యదర్శి రఘురాం గారు కాగితం రాయించారు. అతను కావాలనే ఏట్లో విషం కలిపాడని, నేను ఆపబోతే పెనుగులాటలో దెబ్బలు తగిలాయని అందులో ఉంది. సోమవారం నేను సంతకం పెడితే అతను జైలుకి, నేను మళ్ళీ గుడిసెకి. పెట్టకపోతే కేసు నా మీద, తాళం గుడిసెకి. పెడదామనే అనుకుంటున్నాను.

నీకెందుకు రాస్తున్నానంటే, కొట్టేటప్పుడు ఆ చెయ్యి నాకు కొత్తగా అనిపించలేదు. నా ఎడమ చెవి వినపడదు నాన్నా. తొమ్మిదో ఏట, రేషన్ కార్డు పోయిందని నువ్వు కొట్టిన దెబ్బకి పోయింది. అమ్మకీ చెప్పలేదు. నిన్ను ఏనాడూ క్షమించలేదు. కానీ నేను కొట్టింది ఏరు కోసం. నీలా ఊరికే కొట్టలేదు. అది నువ్వు ఒప్పుకోవాలి.

రమాకుమారి

*

ఖిదిర్‌పూర్,
గురువారం

అమ్మా రమా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చెవి సంగతి నాకు తెలీదు. తెలీనంత మాత్రాన నా తప్పు పోదు. ఓడల డాక్‌లో ముప్పై ఏళ్ళు బస్తాలెత్తిన చేత్తో పసిపిల్లని కొట్టాను.

ఆ రోజు నువ్వు, "నాన్నా, నువ్వే..." అన్నావు. మిగతా మాట నీ నోట్లో ఉండగానే కొట్టాను. సాయంత్రానికి కార్డు నా ట్రంకుపెట్టెలోనే దొరికింది. నేనే దాచి మరిచిపోయాను. దొరికిందని అందరికీ చెప్పాను గాని ఎక్కడ దొరికిందో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అతనూ "మీరే" అన్నాడని నువ్వే రాశావు. ఏం చెప్పబోయాడో అడిగావా?

నువ్వు "ఏటికి" అన్నావట. మన సిక్కోలోళ్ళకి ఆ మాటకి అర్థం ఎందుకు అని. డాక్‌లో గుంటూరు వాళ్ళు నా మాట పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, "ఏ ఏటికి గురువులూ, గంగకేనా?" అని ఏడిపించేవారు. హైదరాబాద్ మనిషి చెవికి అది ఎలా వినబడి ఉంటుందో ఆలోచించు. మిగిలిన నీళ్ళు ఏట్లోకే అని పొద్దున నువ్వే చెప్పావు కదా. నా అనుమానం తప్పు కావచ్చు. వెళ్ళి అడుగు. అడిగాకే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టు.

మీ నాన్న,
గురువులు

*

భవానీపూర్,
సోమవారం

నాన్నా,

విశాల్‌ని కొండ మీంచి తెచ్చి చేర్పించిన సాల్ట్‌లేక్ ఆసుపత్రికి వెళ్ళాను. దవడకి తీగలు కట్టారు, మాట్లాడలేడు. నన్ను చూడగానే కట్టు కట్టిన చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పక్కనున్న చెల్లెలు పూజిత నేనెవరో తెలియక కూర్చోమని కుర్చీ జరిపింది. నేను కూర్చోలేదు. "నేను ఏటికి అంటే నీకేం అర్థమైంది?" అని అడిగాను.

మందుల చీటీ వెనక ఎడమచేత్తో రాశాడు. అక్షరాలు నా చిన్నప్పటి పలకలోలా వంకర్లు పోయాయి. "ఏట్ల పొయ్యమన్నరు అనుకున్న. మిగిలిన నీళ్లు అనుకున్న. వాసన తెలువలే." దాని కింద ఇంకో మాట రాశాడు. "పిల్లలు బతికిండ్రా?"

బతికారన్నాను. ఏటికి అంటే ఎందుకని నా భావం, విడమరిచి చెప్పనిది నేనే, కొట్టిందీ నేనే అన్నాను. పూజిత చీటీ చదివింది. లేచి నా కుడి చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. పెదవి చిట్లి నోట్లోకి రక్తమొచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమె ఏదో అంటోంది, ఆ చెవి హోరులో సగం వినబడలేదు. అయినా ఆమె చెప్పడం అయ్యేదాకా నిలబడ్డాను.

అక్కణ్ణించి సంఘం ఆఫీసుకి వెళ్ళి రఘురాం గారి ముందే ఆ కాగితం చింపాను. "గుడిసె పోతుందమ్మా, ఆలోచించుకో," అన్నారాయన. ఆ ఏరు గురించి అబద్ధం చెప్పి, రేపు ఎవరి చేతికి బిందె ఇవ్వమంటారండీ అని అడిగాను. జరిగింది జరిగినట్టు నేనే రాసి సంతకం పెట్టి పోలీసు స్టేషన్లో ఇచ్చాను. గుడిసెకి తాళం పడింది. రేపు నన్ను కోర్టుకి రమ్మన్నారు.

నీలా కాదని రాశాను కదా. ఆ మాట కొట్టేసుకో.

బెయిలొస్తే ఆదివారం ఇంటికొస్తాను. ట్రంకుపెట్టె సంగతి కాగితం మీద కాదు, నా మొహం చూస్తూ చెప్పు. మధ్యలో అడ్డు రాను, చివరిదాకా వింటాను. కాస్త గట్టిగా చెప్పు నాన్నా, ఈ రెండో చెవి కూడా ఇంకా సరిగ్గా వినబడడం లేదు.

నీ కూతురు,
రమ